క్లచ్ కవర్ దగ్గర ఆయిల్ కారుతుంటే: ప్యాకింగ్ ఇంటి దగ్గరే మార్చుకునే పద్ధతి

పొద్దున బండి తీసేటప్పుడు గచ్చు మీద రూపాయి బిళ్లంత నల్లమరక కనపడితే దాని మీద ఇంత మట్టి చల్లి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. "పాత బండి, ఆ మాత్రం కారుతది తియ్" అంటారు. నేను ఒప్పుకోను. స్ప్లెండర్ లాంటి 100 సీసీ బండి ఇంజిన్ మొత్తంలో తిరిగే ఆయిలే లీటరు లోపు. అందులోంచి రోజూ చుక్క చుక్క పోతుంటే, మళ్లీ ఆయిల్ మార్చే రోజు వచ్చేసరికి ఆయిల్ కొలిచే గేజీకి అందనంత కిందికి దిగిపోతుంది. అదే బండి మీద ఏప్రిల్ ఎండలో ఇద్దరు ఎక్కి నర్సంపేట నుంచి ఎనుమాముల మార్కెట్ దాకా వస్తే, మిగిలిన ఆ కొద్ది ఆయిలే కాగి పలచబడి, ఇంజిన్ పైభాగంలోని హెడ్డులోకి సరిగా అందదు. ఇంజిన్ జామ్ అయిందంటే బోరు, పిస్టన్, ఒక్కోసారి క్రాంక్ దాకా పోతుంది. మొదట్లోనే చూసుకుంటే పోయేది ఒక కాగితం ప్యాకింగ్, ఒక ఆయిల్ డబ్బా, సగం ఆదివారం.

మనవైపు దుమ్ము సంగతి కూడా చెప్పాలి. కరీంనగర్ దిక్కు గ్రానైట్ పొడి, భూపాలపల్లి, గోదావరిఖని దిక్కు బొగ్గు దుమ్ము, పల్లెల్లో పొలం బురద. కారిన ఆయిల్ మీద ఇదంతా పట్టి, ఇంజిన్ రెక్కల మధ్య గట్టి పొర కడుతుంది. ఈ ఇంజిన్లను చల్లబరిచేది తగిలే గాలి ఒక్కటే. రెక్కలు మూసుకుపోతే వేడి లోపలే ఉండిపోతుంది. కారేది వెనక టైరు మీద పడితే మలుపులో బండి జారుతుంది, అది ప్రాణం మీదికి వచ్చే సంగతి.

ఇక్కడ చెప్పేది ఇంజిన్ కుడివైపు క్లచ్ మీద మూతలా ఉండే కవర్ సందులో వేసే ప్యాకింగ్ గురించి. షాపులో గ్యాస్కెట్ అన్నా ఇస్తారు, ప్యాకింగ్ అన్నా ఇస్తారు. మన రోడ్ల మీద తిరిగే స్ప్లెండర్, ప్యాషన్, షైన్ లాంటి బండ్లలో క్లచ్ కుడివైపే ఉంటుంది. స్ప్లెండర్‌ను లెక్కలో పెట్టుకొని చెబుతున్నాను. మీ బండిలో బోల్టుల సంఖ్య, వాటి చోట్లు కొంచెం మారొచ్చు, పని వరుస మాత్రం ఇదే.

ముందు ఎక్కడ కారుతోందో పట్టుకోండి

ఈ పనిలో సగం తెలివి ఇక్కడే కావాలి. ఆయిల్ కిందికి జారుతుంది, బండి పోతుంటే గాలికి వెనక్కి పాకుతుంది. అందుకే తడి కనపడే చోటు వేరు, ఆయిల్ బయటపడే చోటు వేరు. కింద ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టు దగ్గర చుక్క వేలాడుతోందని బోల్టునే గట్టిగా బిగించేవాళ్లను చూస్తుంటాం. నిజానికి ఆ చుక్క పైన క్లచ్ కవర్ మూలలో పుట్టి, అంచు వెంట జారి బోల్టు దగ్గర ఆగి ఉంటుంది.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక డీజిల్‌లోగానీ కిరోసిన్‌లోగానీ ముంచిన బ్రష్షుతో కుడివైపంతా రుద్ది, మడ్డి మొత్తం ఊడగొట్టండి. బీడీలు, పొయ్యి దరిదాపుల్లో ఉండొద్దు. తర్వాత సబ్బు నీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, బాగా ఆరనివ్వండి. వాటర్ సర్వీసింగ్ దగ్గర ప్రెషర్ పైపు పెట్టి కడిగిస్తే వైర్ల కనెక్షన్ల మీద, ఎయిర్ ఫిల్టర్ నోటి మీద నేరుగా కొట్టనివ్వకండి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 బండ్లలో సెన్సార్లు ఎక్కువ, వాటికి ఈ జాగ్రత్త ఇంకా అవసరం.

ఆరిన ఇంజిన్ మీద ముఖానికి రాసుకునే పౌడర్ పలచగా చల్లండి. కవర్ అంచు చుట్టూ, కిక్ రాడ్ మొదట్లో, క్లచ్ వైరు వచ్చి తగిలే చిన్న చెయ్యి చుట్టూ, పైన సిలిండర్ మొదట్లో తెల్లగా కనపడేలా ఉండాలి. ఇప్పుడు బండిని మెయిన్ స్టాండు మీద పెట్టి ఇంజిన్ వేడెక్కేదాకా నడవనివ్వండి, తర్వాత ఊరి చివరిదాకా ఒక చుట్టు తిరిగి రండి. టార్చి పట్టుకొని కింద కూర్చొని చూస్తే తెల్లటి పౌడర్‌లో ఒక సన్నటి ముదురు గీత కనపడుతుంది. ఆ గీత కింద ఎక్కడ ఆగిందో కాదు, పైన ఎక్కడ మొదలైందో చూడండి. కారే చోటు అదే.

గీత కవర్ అంచు కలిసే సందులోంచి మొదలైతే ప్యాకింగే పోయింది, ఈ పని మీరు చేసుకోవచ్చు. కిక్ రాడ్ ఇరుసు చుట్టూ తడి ఉంటే పోయింది ఆయిల్ సీలు, అంటే ఇరుసును పట్టి ఉండే రబ్బరు రింగు. అదీ ఈ కవర్‌లోనే ఉంటుంది కాబట్టి రెండూ ఒకేసారి మార్చేయండి. సిలిండర్ కింది అంచులోగానీ హెడ్డు కిందగానీ మొదలైతే మాత్రం ఆగండి. అక్కడ చేయి పెట్టాలంటే టైమింగ్ చైను విప్పాలి, తిరిగి గుర్తులు కలపాలి. అవి తప్పితే వాల్వు వెళ్లి పిస్టన్‌కు తగులుతుంది. ఆ పని అనుభవమున్న మెకానిక్కుకే వదిలేయండి. ఎడమవైపు చైను చక్రం దగ్గర నల్లగా ఉంటే ముందు తుడిచి చూడండి, చాలాసార్లు అది చైనుకు పూసిన ఆయిల్ చిమ్మిందే అయి ఉంటుంది. సైలెన్సర్‌లోంచి నీలం పొగ వస్తుంటే దానికీ ఈ ప్యాకింగ్‌కూ సంబంధం లేదు. అది పిస్టన్ రింగుల సమస్యో, వాల్వు సీళ్ల సమస్యో.

కవర్ విప్పే ముందు ఇంకో రెండు చూడాలి. ఆయిల్ ఎక్కువ పోశారేమో గేజీ తీసి చూడండి. ఇంజిన్ నుంచి ఎయిర్ ఫిల్టర్ డబ్బా దిక్కు పోయే చిన్న రబ్బరు పైపు, అంటే బ్రీదర్ పైపు, మట్టితో మూసుకుపోయిందా, ఎక్కడైనా నలిగి మడతపడిందా చూడండి. పిస్టన్ కిందికి దిగినప్పుడల్లా లోపలి గాలి బయటికి పోవాలి. దారి మూసుకుపోతే ఆ ఒత్తిడి అంతా ప్యాకింగ్ మీద, సీళ్ల మీద పడి ఆయిల్‌ను బయటికి తోస్తుంది. ఇది సరిచేయకుండా ఎన్ని ప్యాకింగ్‌లు మార్చినా మళ్లీ కారుతుంది.

దగ్గర పెట్టుకోవలసినవి

క్లచ్ కవర్ ప్యాకింగ్ మీ బండి మోడల్, తయారైన సంవత్సరం చెప్పి కంపెనీదే కొనండి. చూడడానికి ఒకేలా ఉన్నా ఒక్క రంధ్రం తేడా ఉంటే పనికిరాదు. దాంతోపాటు కిక్ ఇరుసు ఆయిల్ సీలు, డ్రెయిన్ బోల్టు వాషర్, మీ మోడల్‌కు సరిపోయే ఇంజిన్ ఆయిల్ తెచ్చుకోండి. హీరో 100 సీసీ బండ్లకు 10డబ్ల్యూ30 రకం, 900 ఎంఎల్ డబ్బాల్లో దొరుకుతుంది. డబ్బా మీద జాసో ఎంఏ అని ఉందా చూసుకోండి, ఆయిల్‌లో మునిగే క్లచ్‌కు పనికొస్తుందని చెప్పే గుర్తు అది. కారుకు పోసే ఆయిల్ వద్దు. ఈ బండ్ల క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో మునిగి తిరుగుతాయి, కారు ఆయిల్ పోస్తే అవి జారే ప్రమాదం ఉంది.

పనిముట్లలో 8 నంబర్ టీ పానా, 10, 12, 17 నంబర్ల పానాలు, చెక్క సుత్తిగానీ రబ్బరు సుత్తిగానీ, పాత టబ్బు, ఉతికిన కాటన్ గుడ్డలు, షేవింగ్ బ్లేడు, కొంచెం థిన్నర్ చాలు. ఒక అట్టముక్క తప్పకుండా దగ్గర పెట్టుకోండి, ఎందుకో తర్వాత చెబుతాను.

విప్పడం

ఇంజిన్‌ను రెండు మూడు నిమిషాలు నడిపి గోరువెచ్చగా అయ్యాక ఆపండి. మెయిన్ స్టాండు వేసి, ప్లగ్ క్యాప్ ఊడదీసి, కింద టబ్బు పెట్టి 17 నంబర్ పానాతో డ్రెయిన్ బోల్టు విప్పండి. బండిని ఎడమకు వాల్చి ఆయిల్ తీయకుండానే కవర్ విప్పేవాళ్లున్నారు. కొత్త ఆయిల్ పోసి రెండు రోజులే అయితే అర్థం చేసుకోవచ్చు, మామూలుగా అయితే వద్దు. అంచు శుభ్రం చేసేటప్పుడు లోపల పడ్డ చెత్త ఆ ఆయిల్‌లోనే తిరుగుతుంది. ఆయిల్ దిగుతుండగా సైలెన్సర్ చల్లారనివ్వండి.

తర్వాత కిక్ రాడ్ తీయాలి. తీసే ముందు అది ఇరుసు మీద ఏ కోణంలో కూర్చుందో సుద్దతో గీత పెట్టుకోండి. బోల్టు పూర్తిగా బయటికి తీస్తేనే రాడ్ ఊడుతుంది, వదులు చేసి లాగితే రాదు. కుడి ఫుట్‌రెస్టు, బ్రేక్ పెడల్ అడ్డమొస్తే అవీ తీయండి. సైలెన్సర్ బెండు పైపు అడ్డమొచ్చే మోడల్ అయితే అదీ తీయాలి. బీఎస్6 బండి అయితే ఆ పైపుకు ఆక్సిజన్ సెన్సార్ ఉండొచ్చు, ఉంటే ముందు దాని వైరు కనెక్షన్ విడదీయండి, లేదంటే పైపుతోపాటు వైరు తెగి వస్తుంది. పైపు తీస్తే హెడ్డు దగ్గర ఉండే రింగు కూడా కొత్తది వేయాలి. పాతదే పెడితే సందులోంచి పొగ తన్ని పటపటమంటుంది. క్లచ్ వైరును కింద వదులు చేసి కవర్ మీది చిన్న చెయ్యి నుంచి తప్పించండి.

ఇప్పుడు అట్టముక్క పని. దాని మీద కవర్ ఆకారం గీసి, బోల్టులు ఉన్న చోట్ల రంధ్రాలు పెట్టండి. ఒక్కో బోల్టు తీయగానే ఆ రంధ్రంలోనే గుచ్చండి. కవర్ బోల్టులన్నీ ఒకే పొడవు ఉండవు. పొడుగు బోల్టు వేయాల్సిన చోట పొట్టిది వేస్తే రెండు చుట్లే పట్టి చూడీలు, అంటే రంధ్రంలోని మరలు, ఊడొస్తాయి, పొట్టిదాని చోట పొడుగుది వేస్తే అడుగు తగిలి కేసుకు, అంటే కవర్ బిగిసే ఇంజిన్ ఒంటికి, పగులు వస్తుంది. బోల్టులను ఒక్కొక్కటిగా పూర్తిగా విప్పొద్దు. ముందు అన్నింటినీ అర చుట్టు చొప్పున ఎదురెదురుగా వదులు చేసి, ఆ తర్వాతే బయటికి తీయండి.

బోల్టులన్నీ వచ్చాక కూడా కవర్ కదలదు, పాత ప్యాకింగ్ పట్టేసి ఉంటుంది. స్క్రూడ్రైవర్ సందులో దూర్చి తన్నకండి. ఆ కవర్ అల్యూమినియం, ఒక్క గీత పడితే ఆ గీతలోంచే జీవితాంతం ఆయిల్ కారుతుంది. రబ్బరు సుత్తితో చుట్టూ మెల్లగా తడుతూ రండి, వదులుతుంది. నేరుగా మీ వైపు లాగండి. కిక్ ఇరుసు మీది వాషర్ ఒక్కోసారి కవర్ లోపలికే అంటుకొని వస్తుంది. కింద పడి దొర్లిపోకముందే దాన్ని చూసుకొని దాని చోట పెట్టేయండి. కవర్‌కూ కేసుకూ మధ్య రెండు చిన్న బోలు పిన్నులు, డోవెల్ పిన్నులంటారు, అవి ఎటువైపు మిగిలాయో చూడండి. ఊడితే తీసి భద్రంగా దాచండి. కవర్ సరైన చోట కూర్చునేది వాటి వల్లే.

అంచు శుభ్రం చేయడమే అసలు పని

కొత్త ప్యాకింగ్ వేసినా వారంలో మళ్లీ కారుతోందని చెప్పే బండ్లలో ఎక్కువ భాగం ఇక్కడ తొందరపడ్డవే. అందుకే ఈ అరగంటను తగ్గించకండి.

ముందు లోపల కనిపిస్తున్న క్లచ్, గేర్ చక్రాల మీద శుభ్రమైన గుడ్డ కప్పండి, గీకిన పొడి అందులో పడొద్దు. కేసు వైపు, కవర్ వైపు రెండు అంచుల మీదా పాత ప్యాకింగ్ ముక్కలు అంటుకొని ఉంటాయి. వాటి మీద థిన్నర్ ముంచిన గుడ్డను అద్ది కొన్ని నిమిషాలు నాననివ్వండి. తర్వాత బ్లేడును దాదాపు పడుకోబెట్టి, ఒకే వైపు తోస్తూ గీకండి. బ్లేడు నిలబెడితే లోహం కోస్తుంది. రాని చోట మళ్లీ థిన్నర్ అద్ది ఆగండి తప్ప బలం పెట్టకండి.

కంటికి నున్నగా కనపడినా నమ్మొద్దు. కళ్లు మూసుకొని చూపుడు వేలి గోరుతో అంచు మొత్తం ఒక చుట్టు తిప్పండి. డోవెల్ పిన్నుల రంధ్రాల చుట్టూ, బోల్టు రంధ్రాల వెనక, కింది మూలలో గోరుకు చిన్న మెట్టులా తగులుతుంది. అక్కడ గోధుమ రంగు పొర సిగరెట్ కాగితమంత మందాన మిగిలి ఉంటుంది. ఆ మందమే చాలు, బోల్టు ఎంత బిగించినా పక్కన సందు మిగలడానికి. అదీ పోయాక థిన్నర్ గుడ్డతో రెండు అంచులూ తుడిచి ఆరనివ్వండి. బోల్టు రంధ్రాల్లో ఆయిల్ నిలిచి ఉంటే గుడ్డ మెలితిప్పి లోపలికి పెట్టి పీల్చండి.

ఎమ్రీ కాగితంతో కేసు అంచును చేత్తో రుద్దే అలవాటు మంచిది కాదు, ఒకచోట పల్లం పడుతుంది, పైగా ఆ ఇసుక పొడి లోపలికి పోతుంది. ఊడి వచ్చిన కవర్‌కు మాత్రం ఒక పరీక్ష చేయొచ్చు. మందపాటి అద్దం ముక్క మీద కవర్‌ను బోర్లా పెట్టి మూలలు నొక్కి చూడండి. ఊగితే వంకర ఉన్నట్టు. కొద్దిపాటి వంకరను అదే అద్దం మీద సన్న ఎమ్రీ పరిచి, కవర్‌ను గుండ్రంగా తిప్పుతూ రుద్ది సరిచేయొచ్చు. తర్వాత కవర్‌ను పూర్తిగా కడగాలి. ఎక్కువ వంకర అయితే లేత్ షాపుకో, కొత్త కవర్‌కో పోవాలి.

కిక్ ఇరుసు ఆయిల్ సీలు మార్చడానికి ఇదే సమయం. పాతది తీసి, కొత్తదాని పెదవులకు కొంచెం ఆయిల్ రాసి, సీలంత వెడల్పున్న సాకెట్ పెట్టి వంకర పోకుండా మెల్లగా కొట్టండి.

కొత్త ప్యాకింగ్ ఎక్కించడం

డోవెల్ పిన్నులు వాటి రంధ్రాల్లో పెట్టి, ప్యాకింగ్‌ను కేసు మీద ఆనించి ప్రతి రంధ్రం కలిసిందా చూడండి. మంచి ప్యాకింగ్, శుభ్రమైన అంచు ఉంటే దానికి ఏమీ పూయనక్కర్లేదు. ప్యాకింగ్ జారిపోతుంటే కేసు వైపు వేలితో పలచగా గ్రీజు రాస్తే పట్టుకుంటుంది. ఇక్కడ చాలామంది మెకానిక్కులు అనబాండ్ అనే అతుకు పేస్టు దట్టంగా పూస్తారు. దయచేసి పూయనివ్వకండి. బోల్టు బిగించినప్పుడు సగం బయటికి, సగం లోపలికి ఉబుకుతుంది. లోపలికి పోయింది ఎండి ముక్కలై ఆయిల్ జల్లెడకు అడ్డం పడుతుంది. ఆయిల్ కారడం ఆపబోయి ఆయిల్ తిరగడమే ఆపినట్టవుతుంది.

కిక్ ఇరుసుకు ఉండే పళ్లు కొత్త సీలు పెదవిని కోస్తాయి. వాటి మీద పలచటి పాలిథిన్ కవర్ ముక్క చుట్టి, కొంచెం ఆయిల్ రాసి, కవర్‌ను నేరుగా తోయండి. అరచేత్తో నొక్కితే చుట్టూ సమంగా ఆనాలి. ఒకవైపు ఎత్తుగా ఉందంటే లోపల ఏదో తట్టుకుంది. అప్పుడు బోల్టులతో లాగి కూర్చోబెట్టొద్దు, తీసి మళ్లీ చూడండి. కూర్చున్నాక పాలిథిన్ లాగేయండి.

అట్ట మీది బోల్టులను వాటి రంధ్రాల్లోకి ముందు చేత్తో తిప్పండి. చేత్తో నాలుగైదు చుట్లు పోని బోల్టును పానాతో తోసేస్తే చూడీలు చెడతాయి. అన్నీ ఆనాక టీ పానాతో ఎదురెదురుగా, మూడు విడతల్లో బిగించండి. ఈ 6 ఎంఎం బోల్టులకు సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగింపు సరిపోతుంది. టార్క్ రెంచి లేకపోతే మణికట్టు బలం వరకే పెట్టండి, మోచేయి, భుజం దాకా పోవద్దు. "ఇంకొంచెం గట్టిగ బిగియ్యి, మళ్ల కారకుండ" అని పక్కన నిలబడ్డవాళ్లు అంటారు. వినకండి. ఎక్కువ బిగిస్తే బోల్టు దగ్గర ప్యాకింగ్ నలిగి చిట్లుతుంది, రెండు బోల్టుల మధ్య కవర్ పైకి లేస్తుంది, అక్కడే మళ్లీ తడి మొదలవుతుంది. చూడీలు ఇప్పటికే పోయి ఉంటే ఆ రంధ్రానికి లేత్ షాపులో హెలికాయిల్, అంటే కొత్త చూడీలిచ్చే తీగ చుట్ట, వేయిస్తే బోల్టు మళ్లీ గట్టిగా పడుతుంది. పెద్ద బోల్టు దూర్చి సరిపెట్టకండి.

తీసిన వస్తువులు తీసిన వరుసకు వెనకనుంచి బిగించండి. క్లచ్ వైరు తగిలించి, హ్యాండిల్ దగ్గర లివర్ చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల వరకు ఖాళీ ఆట ఉండేలా సర్దండి. కిక్ రాడ్ సుద్ద గీతకు కలపండి.

ఆయిల్ పోసి చూడడం

డ్రెయిన్ బోల్టు కొత్త వాషర్‌తో బిగించి, ఆయిల్ పోయండి. డబ్బాలో ఉన్నదంతా ఒకేసారి గుమ్మరించొద్దు, కొంచెం మిగల్చండి. ఇంజిన్ కొన్ని నిమిషాలు నడిపి ఆపి, రెండు మూడు నిమిషాలయ్యాక మెయిన్ స్టాండు మీద చదునైన చోట గేజీ చూడండి. హీరో, హోండా బండ్లకు గేజీని తిప్పి బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి. పై గీత దాటకూడదు. తక్కువైతే మిగిల్చిన దాంట్లోంచి పోయండి.

తీసిన పాత ఆయిల్ మురుగు కాలువలోనో చెరువు కట్ట మీదనో పారబోయకండి. అది చివరికి చేరేది మన చెరువుల్లోకే. డబ్బాలో నింపి, పాత ఆయిల్ తీసుకునే మెకానిక్ షాపులో ఇచ్చేయండి.

కవర్ అంచు పొడిగా తుడిచి, మళ్లీ పలచగా పౌడర్ చల్లి, హన్మకొండ నుంచి కాజీపేట దాకా పోయి వచ్చినంత దూరం తిరిగి రండి. పౌడర్ తెల్లగానే ఉంటే పని కుదిరింది. మర్నాడు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బోల్టులన్నీ టీ పానాతో ఒకసారి తాకి చూడండి. కొత్త కాగితం ప్యాకింగ్ మొదటి వేడికి కొంచెం అణుగుతుంది, వదులైన బోల్టు ఉంటే ఆ మేరకే బిగించండి. మళ్లీ గీత కనపడితే మాత్రం బోల్టుల జోలికి పోకుండా అది మొదలైన చోటే చూడండి. కిక్ ఇరుసు దగ్గరైతే సీలు పెదవి తెగింది, క్లచ్ చెయ్యి దగ్గరైతే దాని కింది రబ్బరు రింగు ఎండిపోయింది, అంచులో అయితే కవర్ విప్పి ఆ చోట గోరుతో మళ్లీ వెతకాలి.